డిటెక్టివ్‌ని ఇంకా తిట్టండి

ఉస్లాపూర్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కూచుని, రాబోయే కాలంలో జరిగినట్టు రాసే ఒక డిటెక్టివ్ నవలల వరసలో కొత్త భాగం చదువుతూ పైకే తిట్టేశాను. "ఏటిది? మూడో భాగంలో తెగిన డిటెక్టివ్ చెయ్యి ఇప్పుడెలా మొలిచింది? బడికెళ్లకుండా చదవడం నేర్చుకున్న నాకే గుర్తుంది, రాసినోడికి లేదా?"

పక్కనున్న అమ్మాయి గబుక్కున ఫోన్లో రికార్డింగ్ పెట్టి నా నోటి దగ్గరికి తెచ్చింది.

"ఇంకా తిట్టండి బాబాయ్ గారూ! ఆ పుస్తకాల్ని ఎవరేమన్నా మా నాన్న ఊరుకునేవాడు కాదు. పక్షవాతం వచ్చాక ఒక్క మాట లేదు. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఇది వినిపించి చూస్తా."

అంతలో బండొచ్చింది. ఆ అమ్మాయి ఎక్కి కిటికీలోంచి ఫోన్ చాపింది. కదిలే బండి పక్కనే నడుస్తూ అరిచాను.

"ఓ పెద్దమనిషీ! నీ డిటెక్టివ్ ఒట్టి దద్దమ్మ! రోషముంటే నోరు తెరిచి కాదను!"

ఇప్పుడెవరు ఆ నవలల్ని పొగిడినా నేను వాదనకి దిగను. ముందు ఆ అమ్మాయి నాన్న నోరు తెరిచి నాకు జవాబు చెప్పాలి.