తలుపుకు అవతల తాతయ్య

నా చిన్నప్పుడు ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూర్చోవడం నాకు పెద్ద పరీక్షగా ఉండేది. మా తాతయ్య గాజువాకలో మా చిన్న క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆయన ప్రార్థన ముగించేలోగా అన్నం చల్లారిపోయేది. నేను ఒక కన్ను కొంచెం తెరిచి కూరగిన్నె కేసి చూస్తూ ఉండేదాన్ని.

ఒకసారి పోర్టులో కాంట్రాక్టులు చేసే మా సంఘస్థుడొకాయన, తన కూతురి పెళ్లిలో ప్రార్థన చేయడానికి తాతయ్యను ముందురోజే రమ్మని, సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద హోటల్లో గది తీసుకున్నాడు. తాతయ్య నన్నూ వెంటబెట్టుకుని సిటీబస్సులో వెళ్లాడు. అడుగు దిగబడే తివాచీ, మెత్తటి తెల్ల తువ్వాళ్లు, మండువేసవిలో దుప్పటి కప్పుకోవాల్సినంత చల్లదనం. తాతయ్య ఆ పరుపు మీద కూర్చోవడానికి జంకి నిలబడే ఉన్నాడు. నేను మాత్రం పడవలాంటి స్నానాల తొట్టిలో కూర్చుందామని బాత్‌రూమ్‌లోకి దూరి తలుపు వేసుకున్నాను. మా ఇంట్లో గడియే తప్ప గుండ్రటి పిడి ఎరగను. దాని నడుమనున్న బొత్తాం నొక్కేశాను.

అప్పుడే కరెంటు పోయింది.

ఆ గదికి కిటికీ లేదు. పిడి ఎటు తిప్పినా తలుపు కదల్లేదు. గోడలు మీదికి వస్తున్నట్టు, గాలి అయిపోతున్నట్టు అనిపించి రెండు చేతులతో బాదాను.

“తాతా, తలుపు రావట్నేదు! నాకు ఊపిరాడట్నేదు!”

తాతయ్య పిడిని లాగాడు, భుజంతో నెట్టాడు. ఆ చప్పుడుకి వచ్చిన హోటలాయన తాళాల గుత్తి కోసం కిందికి పరిగెత్తాడు. ఆ తర్వాత తాతయ్య తలుపు పక్కన నేల మీద చతికిలబడిన చప్పుడు వినిపించింది.

“ఒలే బుల్లీ, కళ్ళు మూసుకో.”

“సీకటిగా ఉంది తాతా!”

“అందుకే. కళ్ళు మూసుకుంటే అది ప్రార్థన సీకటైపోద్ది. నానూ మూసేసుకున్నాను. ఇద్దరం ఒక సీకట్లోనే ఉన్నాం. రోజూ ఒక కన్ను తెరిసి కూర కేసి సూత్తావు కదే దొంగా, ఈ ఒక్కసారీ తెరవకు.”

“నీకెలా తెలుసు? నువ్వూ సూత్తావా?”

“మరి కూర నాకూ కావాలి కదేటి?”

ఏడుస్తూనే నవ్వాను. తాళం వచ్చేదాకా ఇద్దరమూ కళ్ళు తెరవకూడదని మాట అనుకున్నాం. ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు. సముద్రం మీదున్న పడవల కోసం, ఆ తువ్వాళ్లు ఉతికేవాళ్ల కోసం, పెళ్లికూతురి కోసం. సంఘంలో చేసినట్టే ప్రతి మాట చివరా కాస్త ఆగేవాడు. ఆ ఖాళీలో నేను ‘ఆమెన్’ అనేదాన్ని. అనాలంటే ఊపిరి పీల్చుకోక తప్పదు. అలా నా ఊపిరి నాకు తిరిగొచ్చింది.

తలుపు తెరుచుకుంది. టార్చిలైట్లు పట్టుకుని హోటలు వాళ్లంతా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య తివాచీ మీద మఠం వేసుకుని తాతయ్య ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. నేను వెళ్లి గడ్డం పట్టుకునేదాకా తెరవలేదు. అప్పుడు నన్ను దగ్గరకు తీసుకున్నాడు.

ఈ మధ్య ఆసుపత్రిలో నన్ను స్కానింగు గొట్టంలోకి పంపి, కదలొద్దన్నారు. వెంటనే కళ్ళు మూసుకున్నాను. ఆ యంత్రం మోత ఆగిన ప్రతిచోటా లోలోపల ‘ఆమెన్’ అనుకున్నాను. బయటికి తీశాక కూడా, నర్సమ్మ భుజం తట్టేదాకా కళ్ళు తెరవలేదు.