మా ఇంటి రెండు ఆటోలు

మా ఇంట్లో ఆటోలు రెండు. ఒకటి తమ్ముడు బోధన్, రుద్రూర్ మధ్య తిప్పే ప్యాసింజర్ బండి. రెండోది చెరుకుతోట గట్టు మీద, బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో ఉండే చిన్న పరికరం. రెండింటినీ ఆటో అనే పిలిచేవాళ్లం. ఆ ఆదివారం దాకా దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

నేను నిజామాబాద్‌లో పిల్లలకు సైన్సు చెబుతాను. స్టార్టర్ సంగతి అడిగితే ఇలా చెబుతాను. పచ్చ బటన్ నొక్కగానే లోపలి తీగచుట్టలో కరెంటు పారి అది అయస్కాంతమవుతుంది. అది లోహపు పలకలను దగ్గరికి లాగి పట్టుకుంటే మోటారు తిరుగుతుంది. కరెంటు పోతే ఆ పట్టు వదిలేస్తుంది, పలకలు విడిపోతాయి. మళ్లీ కరెంటు వచ్చినా మోటారు దానంతటది కదలదు, ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కాల్సిందే. ఆ ఆగడంలోనే మనిషి ప్రాణానికి రక్ష ఉంది. మన రైతులకేమో కరెంటు వచ్చినప్పుడల్లా పొలానికి ఉరకడం కుదరదు. అందుకే ఆటో పెట్టించుకున్నారు. కరెంటు రాగానే మనిషికి బదులు అదే మోటారును నడిపిస్తుంది. తీగ దగ్గర ఎవరున్నారో దానికేం తెలుసు?

బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు ఇదంతా ఎంత తేలికో!

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, మా బాపుకు, అంటే నాన్నకు, అన్నం గిన్నె తీసుకుని తమ్ముడి బండిలో తోటకు వెళ్లాను. కరెంటు లేదు. బాపు కనబడలేదు. పందికొక్కులు మోటారు తీగ కొరికాయని పొద్దున ఫోన్‌లో చెప్పాడు, ఎక్కడ కొరికాయో వెతుక్కుంటూ చెరుకులోకి దూరాడన్నమాట. మనిషెత్తు దాటిన చెరుకు. నాలుగడుగులు లోపలికి పోతే ఏనుగైనా కనబడదు. తమ్ముడు బండి ఆపి దిగాడు. ఆ చప్పుడు విని లోపలి నుంచి బాపు కేకేశాడు.

"ఆటో బంద్ జేసినవా రా?"

"జేసిన బాపూ," గట్టిగా అరిచాడు తమ్ముడు.

వాడు అబద్ధం చెప్పలేదు. బండి తాళం తీసి జేబులో వేసుకుంటున్నాడు. నేనూ గిన్నె దించే పనిలో పడ్డాను. కాసేపటికి గానీ నా బుర్రకు తట్టలేదు. బండి ఆపావా అని బాపు ఎందుకు అడుగుతాడు? ఆయనకేం అవసరం?

స్టార్టర్ డబ్బా గట్టుకు ఆ చివర ఉంది. తమ్ముడు అటు పోనేలేదు.

బాపుకు తీగ ముట్టొద్దని చెప్పు, ఉరుకు అని వాణ్ని చెరుకులోకి తోసి, నేను డబ్బా వైపు పరుగెత్తాను. వాడికి ఏమీ అర్థం కాలేదు, నా మొహం చూసి ఉరికాడు. బాపూ బాపూ అని వాడు పెట్టే కేకలు చెరుకాకుల గలగలలో కలిసిపోతున్నాయి. బాపుకు చెవులు కొంచెం మందం. గట్టంతా బురద, చెప్పులు ఎక్కడ ఊడాయో చూసుకోలేదు. పాఠంలో తప్పు దొర్లితే మర్నాడు దిద్దుకోవచ్చు, ఇక్కడ దిద్దుకోవడానికి ఏం మిగులుతుందని ఏడుపొచ్చింది. రోజూ కరెంటు రావాలని మొక్కే ఇంట్లో పుట్టి, ఇప్పుడే ఇవ్వకు ప్రభువా అని వేడుకున్నాను.

డబ్బా తలుపు తెరిచాను. ఆటో మీట పైకే ఉంది. దాన్ని దించాను. అది చాలదనిపించి మెయిన్ పిడి కూడా కిందికి గుంజి, అలాగే పట్టుకుని నిలబడ్డాను. అంతలోనే, కరెంటు రాక తెలియడానికి మెయిన్‌కు ముందు కట్టుకున్న బల్బు వెలిగింది. మోటారు కదల్లేదు.

అయినా పిడి వదలబుద్ధి కాలేదు. చెరుకులోంచి ముందు తమ్ముడు, వెనక బాపు బయటికొచ్చారు.

"ఏమైందని గంతగనం ఒర్లుతుండ్రు?" అన్నాడు బాపు విసుగ్గా. అంటూనే బల్బు చూశాడు. తమ్ముడి వైపు చూశాడు. నోట్లో ఏదో అడ్డుపడినట్టు పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

గట్టు మీద పడింది ఎర్రటి తీగ తొడుగు ముక్క. కత్తి తీసుకుపోవడం మరిచి, బాపు ఆ తీగను పళ్లతో ఒలుస్తున్నాడు.