అక్కయ్య మఖమలు జోళ్ళు

మొన్న చలి ముదిరిందని, నా మడమలు పగిలిపోతున్నాయని మా కోడలు నన్ను రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక జోళ్ళ కొట్టుకి తీసుకెళ్ళింది. ఇంట్లో తొడుక్కునేవి, వాకింగుకి వేసుకునేవి, లోపల బొచ్చు ఉన్నవి అంటూ కొట్టువాళ్ళు గుట్ట పోస్తుంటే, నా కన్ను మాత్రం ఒక మెరూన్ రంగు మఖమలు జత దగ్గర ఆగిపోయింది. దాచడమెందుకు, ఇన్నేళ్ళకీ నా కడుపు భగ్గుమంది.

సరిగ్గా అలాంటివే మా తోటికోడలికి ఉండేవండీ. అక్కయ్యా అని పిలిచేదాన్ని. నేను కాపురానికొచ్చిన ఏడు మా బావగారు కడియం మొక్కల లారీ మీద ఢిల్లీ వెళ్ళి, అక్కడి చలిలో వణుకుతూ కూడా పెళ్ళాం పాదాలు గుర్తుపెట్టుకుని తెచ్చారు. మా ఆయన మండపేట రైసుమిల్లులో గుమాస్తా. ఇంటికి ఒంటినిండా తవుడు తప్ప ఇంకేమీ తెచ్చిన పాపాన పోలేదు. జోళ్ళ సంగతి అలా ఉంచండి, అంత దూరాన మొగుడికి ఆవిడ గుర్తొచ్చిందే, అది చూసి కుళ్ళిపోయాను.

కార్తీకమాసమంతా ఇద్దరం తెల్లవారుతూనే గోదావరి స్నానానికి వెళ్ళేవాళ్ళం. జోళ్ళు రేవు పైమెట్టు మీద విడిచి దిగాలి కదా, నా అరిగిన హవాయి చెప్పుల పక్కన అవి మహారాణుల్లా కూర్చునేవి. ఒకరోజు అక్కయ్య దీపం వదులుతుండగా నేను ముందుగా పైకొచ్చి, అటూ ఇటూ చూసి, వాటిలో కాళ్ళు పెట్టాను. అబ్బ, ఏం వెచ్చదనం! నాకు కొలిచి కుట్టినట్టున్నాయి. వాటిని విడిచి మళ్ళీ నా హవాయిల్లోకి దిగాలంటే ప్రాణం ఒప్పలేదు. నాకు లేనివి ఆవిడకి మాత్రం ఎందుకనిపించింది. మెట్టు మీద వణుకుతూ అడుక్కుంటున్న ముసలమ్మకి వాటిని తొడిగేసి, గబగబా వెళ్ళిపొమ్మన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. పైగా కార్తీకంలో దానం మంచిదేగా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

అక్కయ్య వెతుక్కుంటుంటే, చెప్పులు పోతే శని పోయినట్టేనని అందరూ ఓదార్చారు. అందరికన్నా గట్టిగా ఓదార్చింది నేనే. నా చెప్పులు ఇవ్వబోతే, నీకూ చలేగా, వద్దులే అని, ఆ మంచులో వట్టికాళ్ళతో ఇంటికి నడిచింది.

మర్నాడు రేవులో ఆ ముసలమ్మ అవే జోళ్ళతో ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టేసుకుంది. “నిన్న నువ్విచ్చాకే తల్లీ, నా కాళ్ళకి ప్రాణమొచ్చింది. నూరేళ్ళు చల్లగా ఉండమ్మా” అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అక్కయ్య ఆవిడ కాళ్ళకేసి చూసింది, నాకేసి చూసింది. ఇంటికెళ్ళి అత్తగారితో ఒక్కమాట అంటే నా పని అయిపోయినట్టే. అనలేదు. మెట్లు దిగుతూ, “పోనీలేవే, ఆవిడకి వెచ్చగా ఉంది. పుణ్యం మాత్రం నాదేనమ్మోయ్” అని నవ్వేసింది. నిజం చెప్పొద్దూ, ఆ పుణ్యం మీద కూడా నాకు అసూయే పుట్టింది.

ఇప్పుడు ఎవరి జోళ్ళు ఎవరికీ కంటపడవు, ఫోనులో నొక్కితే ఎవరివి వాళ్ళ గుమ్మంలోకే వచ్చేస్తున్నాయి. నేను మాత్రం మొన్న ఆ మెరూన్ జతే కొనుక్కుని, తొడుక్కుని, ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. ఏం లాభం, అక్కయ్య పోయి మూడేళ్ళయింది. చూసి కుళ్ళుకోవడానికి ఒక్కరూ లేరు.