బత్తాయి తొక్క వైద్యం

మా బాపుకు షుగర్ వచ్చిన ఏడాదే మా తోట విరగకాసింది. నల్లగొండలో బత్తాయి తోట పెట్టుకున్న మనిషిని బత్తాయి తినొద్దంటే ఏమైపోవాలి? సరిగ్గా అప్పుడే ఫోన్లో ఎవరో ఒక వీడియో పంపారు. బత్తాయి తొక్కలో పాలీఫినాల్స్ అనేవి ఉంటాయట, ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతినకుండా అవి కాపాడతాయట. ఇలాంటి వీడియోలు చేసేవాళ్ల నోట్లో ముందు ఆ చేదు తొక్క కుక్కాలి. బాపు మాత్రం తెల్లారగానే తోటలోకి పోయి, మొహం ముడుచుకుని మరీ నమిలేవాడు. షుగర్ గోలీలు కూడా మానేసేవాడే, అమ్మ మాననియ్యలేదు.

నెల తర్వాత దవాఖానలో పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గకపోగా పెరిగింది.

"ఏం తింటున్నవు పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

"తొక్క సారూ," అన్నాడు బాపు ధీమాగా.

"మరి లోపలి పండు?"

బాపు నావైపు చూశాడు, ఫ్యానువైపు చూశాడు. "పండించినోన్ని, పారేస్తనా సారూ?"

అమ్మ నెత్తి కొట్టుకుంది. డాక్టరుకు నవ్వాగలేదు. తొక్క సంగతి పూర్తిగా అబద్ధం కాదనీ, ల్యాబుల్లో ఎలుకలకు పెట్టి చూస్తున్నారనీ, మనుషులకు మందుగా పనిచేస్తుందని మాత్రం ఇంకా తేలలేదనీ ఓపిగ్గా చెప్పాడు. గోలీలు తప్పకుండా వేసుకోవాలి, పండు తగ్గించాలి అన్నాడు.

బాపు అన్నింటికీ తలాడించాడు. గుమ్మం దాకా వెళ్లి, మనసొప్పక వెనక్కి తిరిగాడు.

"గదంత మంచిగనే ఉంది గని సారూ, ఎలుకలకు తొక్క పెడితే, లోపలిది ఎవ్వలు తిన్నరు?"