పట్టాళం లారీ ఇంజను

ముత్యాలయ్యకు పగటికలలు ఎక్కువ. జువ్వలదిన్నెలో చేపలు పట్టే ఇంట పుట్టాడు, కానీ పడవెక్కితే చాలు కడుపులో తిప్పేది. ఇదేం చోద్యమని ఊరంతా ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుని, పోయి డ్రైవరు పని నేర్చుకున్నాడు. కోవూరులో ఒక మిల్లు యజమాని దగ్గర చాలాకాలం బండి నడిపాడు. ఆ పొడుగాటి అమెరికా స్టేషన్ వ్యాగన్ పాతబడ్డాక ఆయనే "నువ్వు తీసుకుపోరా" అన్నాడు. వెనక సీట్లు పీకేసి, చేపల గంపలు పట్టేలా చేసుకుని, ముత్యాలయ్య దాన్ని ఊరికి తెచ్చాడు.

తెచ్చింది పెళ్లాం కోసం. చేప ఒడ్డున పడిందంటే ఇక అది ఆడవాళ్లది, గంప ఎత్తేదీ వాళ్లే. మగవాడు నెత్తిన పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. ఆ గంపలు మోసి మోసి అంకాలమ్మ మెడ పట్టేసింది, పక్కకు తిరగాలంటే మనిషంతా తిరగాల్సిందే. బండి నీళ్ల అంచుదాకా వస్తే ఆ మెడకు విశ్రాంతి. కొన్నాళ్లు అలాగే జరిగింది. చేపలు ఎక్కించడానికి బిట్రగుంట రైలుకు పోతుంటే ఆమె ముందు సీట్లో కూర్చునేది. సరుగుడు తోపుల గాలికి జుట్టు చెదిరినా సర్దుకునేది కాదు. ముత్యాలయ్యకు ఆ దారి ఎప్పటికీ అయిపోకూడదనిపించేది.

పంతొమ్మిది వందల అరవై రెండు వేసవిలో బండి ఇంజను చచ్చింది.

నెల్లూరులో మెకానిక్ హజరత్తయ్య షెడ్డులో రెండు ఇంజన్లున్నాయి. ఒకటి జీపుది, చిన్నది. రెండోది మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన పట్టాళం లారీది, ఎనిమిది సిలిండర్ల పెద్దది. దాన్ని స్టార్టు చేయగానే దూరాన మబ్బు ఉరిమినట్టు గంభీరంగా మోగింది. ముత్యాలయ్య కళ్లు మూసుకున్నాడు. బండి రైలును దాటిపోతోంది, ఆ మోతకు అంకాలమ్మ అతని భుజం మీద నిద్రపోతోంది.

"అన్నా, నీ బండి ఇసకలో తిరిగేది. ముందు బరువెక్కువైతే దిగబడిపోతాది. జీపుది తీసుకో," అన్నాడు హజరత్తయ్య.

"నువ్వు రోడ్డు మనిషివి, నీకు తెలవదు. మా పడవల అడుగున రాళ్లేసేది ఎందుకనుకుంటుండావు? బరువుంటేనే నిలకడ."

జన్మలో పడవెక్కి సుఖపడని మనిషి పడవ శాస్త్రం చెప్పాడు. హజరత్తయ్య పెద్ద ఇంజనే బిగించాడు.

ఊళ్లో అంకాలమ్మ బండికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. మోత వినడానికి జనం ఒడ్డున గుమిగూడారు. బండి రాజసంగా ఇసుకలో దిగింది, దిగి అలాగే దిగిపోయింది. తొక్కినకొద్దీ ముందు చక్రాలు కూరుకుపోయాయి. పడవ మోకు కట్టి పదిమంది లాగితే గట్టిమన్ను మీదకు వచ్చింది. నీళ్ల దగ్గర చేపలు ఎండలో పడి ఉన్నాయి, రైలుకు వేళవుతోంది.

"మోత బాగుండాదయ్యా," అంది అంకాలమ్మ. చీరకొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని గంప మీదికి వంగింది.

ముత్యాలయ్య అది చూడలేకపోయాడు. పైగుడ్డ తీసి తనూ చుట్ట చేసుకుని, ఆ గంప లాక్కుని తలకెత్తుకున్నాడు. వెనక నవ్వులు వినబడ్డాయి.

"ఏంది ఈ పని, దించు. అందరూ చూస్తుండారు."

"చూడనీ."

ఆమె ఇంకో గంప ఎత్తుకుని బండివైపు ముందు నడిచింది. చేపల నీళ్లు అతని మొహం మీదుగా కారుతున్నాయి, కాలు తీస్తే కాలు దిగుతోంది. సగం దారికే మెడనరాలు పీకి ఆగిపోయాడు.

"ఇంత బరువని ఎప్పుడూ చెప్పలేదేందే?"

అంకాలమ్మ ఒళ్లంతా తిప్పి అతనివైపు చూసింది.

"నువ్వు ఎంత సంబరంగా బండి తెచ్చినావు. అది రాకముందు ఇన్నేళ్లు రోడ్డుదాకా మోసినా నాకు బరువనిపించలేదయ్యా. బండిలో తిరిగినాక ఇయ్యాలే అనిపిస్తుండాది."

మర్నాడు ముత్యాలయ్య నెల్లూరు పోయి, జీపు ఇంజను బిగించమన్నాడు.