మనింటి కప్పే కదా అన్నారు

నాకు స్క్రూలు ఏరడం వచ్చు. చీరలు ఏరడం, చేపలు ఏరడం వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. రేకుల కప్పుకు బిగించే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూను వేళ్ళ మధ్య పట్టుకుని, ఇది వానకు నిలుస్తుంది, ఇది నిలవదు అని చెప్పగల టీచరమ్మను మాత్రం సికింద్రాబాదులో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ విద్య నాకు నేర్పింది నా సొంత తమ్ముడు. వాడి మీద నా కోపం ఇంకా చల్లారకపోవడానికి కారణం కూడా అదే.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. కార్ఖానా ప్రాంతంలో మా డాబా మీద చిన్నపిల్లల బడి పెట్టుకుందామని, ఏళ్ళ తరబడి చేసిన కాన్వెంటు ఉద్యోగం మానేశాను. స్లాబు వేయించే తాహతు లేదు. చుట్టూ నడుమెత్తు గోడ, పైన ఇనుప పైపుల మీద ఎర్ర రంగు రేకులు, కింద చాపలు. అదీ నా బడి. జూన్‌లో తలుపులు తెరిచేసరికి కప్పు సిద్ధంగా ఉండాలి, వానలకు తట్టుకోవాలి. అది కారిందంటే నాకు ఉద్యోగమూ లేదు, బడీ లేదు.

తమ్ముడు షెడ్లు వేస్తాడు. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఇంట్లో అమ్మా నేనూ ఆ పక్క మాటే మాట్లాడేవాళ్ళం. తమ్ముడు మాత్రం ఇక్కడి గల్లీల్లో తిరిగి పెరిగినవాడు, వాడి మాటంతా ఇక్కడిదే. కప్పు పని వేరేవాళ్ళకు ఇవ్వాలన్న ఆలోచనే నాకు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఒకరోజు పొద్దున్నే నన్ను బండి ఎక్కించుకుని రెజిమెంటల్ బజార్‌కు తీసుకెళ్ళాడు. "రేకు ఎవరైనా మంచిదే కొంటరక్కా. నీళ్ళు కారేది రేకులకెల్లి కాదు, స్క్రూ బొక్కలకెల్లి. నువ్వే చూసి తీస్కో, రేపు నన్ను అనొద్దు" అన్నాడు.

దుకాణదారు పాత పేపరు పరిచి దాని మీద రకానికో గుప్పెడు పోశాడు. అన్నీ నా కళ్ళకు ఒకలాగే కనబడ్డాయి. తమ్ముడు ఒక్కొక్కటే తీసి చూపించాడు. తల కింద బిళ్ళకు అతికించి ఉన్న నల్ల రబ్బరును గోటితో నొక్కమన్నాడు. "లోపలికి పోయి మళ్ళ పైకొస్తే అది రబ్బరు. రాకుంటే ఉత్త ప్లాస్టిక్కే, ఎండకు పగుల్తది. బిళ్ళ మీదకెల్లి లేస్తదేమో కూడ గీరి చూడు." తర్వాత కొసన డ్రిల్లు మొన చూపించాడు. పైపు ఇనుము మందం కంటే ఆ మొన పొడుగ్గా ఉండాలట. బొక్క పూర్తిగా పడకముందే మరలు పట్టుకుంటే స్క్రూ విరుగుతుందట. పూత పల్చగా ఉంటే ఒక్క వానాకాలానికే తుప్పట. నొక్కి, గీరి, మొనలు పక్కపక్కన పెట్టి చూసి, చివరికి ఎర్ర తలల రకం ఒకటి పట్టాను. రేకు రంగు, తల రంగు ఒక్కటే. రబ్బరు నొక్కితే బుజ్జిగా పైకి లేచింది.

"మా అక్క టీచరు. ఊకెనే మార్కులెయ్యది" అని దుకాణదారుతో నవ్వుతూ అన్నాడు వాడు. నాకు గర్వంగానే అనిపించింది. ఆ పెట్టెలు వాడి బండికే కట్టాం.

వాడు కప్పు బిగించిన రోజుల్లో నేను ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేస్తున్నాను. వచ్చి చూస్తే ఎర్ర రేకులు, ఎర్ర తలలు, ముచ్చటగా ఉంది. బడి తెరిచిన రోజు తమ్ముడి దగ్గర ఉంటున్న అమ్మ వచ్చి ప్రార్థన చేసింది. పిల్లల గురించి రెండు మాటలు చెప్పి, కప్పు గురించి మాత్రం చాలాసేపు ప్రార్థించింది. "ప్రభువా, ఈ కప్పును నువ్వే కాపాడు తండ్రీ, వానలు వచ్చినా గాలులు వచ్చినా నువ్వే పట్టుకో తండ్రీ" అంటూ మధ్యలో కళ్ళు తెరిచి పైకి చూసింది. వయసు మీద పడింది, అందుకే చాదస్తం అనుకున్నాను.

బళ్ళు మొదలైన కొద్దిరోజులకే వాన దంచింది. వరసగా స్క్రూ ఉన్నచోటల్లా కింద ఒక చుక్క. పిల్లలకు అదో ఆట, అరచేతులు చాపి పట్టుకున్నారు. వాళ్ళ తల్లులకు ఆట కాదు. తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకావిడ బిడ్డ వీపు తడిమి, "ఏంది టీచర్ గిట్ల? జ్వరమొస్తే ఎవరు చూస్తరు?" అంది. కొత్త కప్పు కదా, సర్దుకుంటుందని చెప్పాను. తమ్ముడి పని మీద మాట పడకూడదని నేనే తెలివితక్కువగా బిగించమన్నానని కూడా అబద్ధం చెప్పాను. వాన పడిన ప్రతిసారీ చాపలు ఖాళీ అవుతూ వచ్చాయి. పక్క వీధిలో స్లాబు కింద ఇంకో బడి ఉంది, అందరూ అటే వెళ్ళారు.

తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఎక్కాను. స్క్రూ తలల మీద ఎర్ర రంగు పొరలుగా లేచిపోయి ఉంది. లోపల తెల్లటి లోహం, అప్పుడే అంచుల్లో గోధుమ రంగు తుప్పు. తల కింద నల్లదాన్ని గోటితో నొక్కాను. లోపలికి పోలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే పెచ్చులా ఊడి చేతికొచ్చింది. నిచ్చెన దిగి తమ్ముడికి ఫోన్ చేశాను.

వాడు వచ్చాడు. బుకాయించలేదు, పైగా కాస్త నవ్వాడు.

"నీ స్క్రూలు బోయిన్‌పల్లి ఉల్లిగడ్డల గోదాముకు పెట్టిన అక్కా. ఆ సేటు మస్తు పరేషాన్ చేసిండు. దుకాణంల ఆ రకం అయిపోయింది, కొత్త మాల్ వచ్చేదాక ఆగుమంటే ఆగలే. మనింటిదే కదా, వానలైనంక మారుద్దామనుకున్న."

"సరే, ఇరుకున పడి మార్చావు. తలలకు ఎర్ర రంగు ఎందుకు వేశావు?"

వాడి నవ్వు అక్కడ ఆగిపోయింది. కప్పు బిగించేటప్పుడే కూర్చుని, బ్రష్ పట్టుకుని, ఒక్కో తలకూ రంగు పూసి ఉంటాడు. నేను గుర్తుపట్టకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో వాడికి తెలుసు, ఎందుకంటే ఏం చూడాలో నాకు నేర్పింది వాడే.

"అమ్మకు చెప్పే చేసిన" అన్నాడు చివరికి. "అక్కయితే ఏమనదులేరా అని అమ్మే అన్నది."

ఆ సాయంత్రమే అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ తడబడనైనా లేదు. "బయటివాళ్ళు ఊరుకుంటారా అమ్మా? వాడి పని పోతుంది. మనవాళ్ళం, మనమే సర్దుకోవాలి" అంది. ఆ మాట నాకు కొత్త కాదు. మా ఇంట్లో మంచి టీ కప్పులు వచ్చినవాళ్ళకు, అంచు విరిగినవి మాకు. పులుసులో పెద్ద ముక్క చుట్టాలకు, తోక మాకు. మనవాళ్ళు అంటే ఏం పెట్టినా తినేవాళ్ళు అని అర్థం. అంతా తెలిసి నా బడి కప్పు కింద నిలబడి ప్రార్థన చేసింది అమ్మ. దేవుణ్ణి కూడా సర్దుకోమంది. నేను మంచినీళ్ళైనా తాగకుండా లేచి వచ్చేశాను.

మర్నాడు వాన పడుతుంటే ఆటో ఎక్కి బోయిన్‌పల్లి వెళ్ళాను. ఆ గోదాము ఎవరైనా చూపిస్తారు, అంత పెద్దది. కొనేదానిలా లోపలికి నడిచాను. పైన రేకుల మీద వాన హోరు, కింద బస్తాల మీద ఒక్క చుక్క లేదు. నేల మీద దుమ్ము కూడా పొడిగా లేచింది. నేను ఏరుకున్న స్క్రూల కింద ఉల్లిగడ్డలు హాయిగా ఉన్నాయి. నా పిల్లలు తడిసి ముద్దయ్యారు. అక్కడే నిలబడి ఏడ్చాను, ఉల్లిగడ్డల మధ్య కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

తర్వాత తమ్ముడే వచ్చి, డబ్బులు తీసుకోకుండా మొత్తం మార్చి ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"ఊరికే వద్దు. నీకు అక్క లేదనుకో. పరాయివాళ్ళకు ఎలా చేస్తావో అలా చెయ్యి, వాళ్ళ దగ్గర తీసుకున్నట్టే తీసుకో."

వాడు కొత్త మాల్ తెచ్చి నా ముందే పెట్టెలు విప్పాడు. పాతవి పీకి, రబ్బరు నలిగిపోకుండా చూసుకుంటూ, అన్నీ ఒకే బిగువులో బిగించాడు. మధ్యాహ్నం భోజనానికి పిలవబోయి ఊరుకున్నాను, వాడు గేటు బయట కూర్చుని తెచ్చుకున్న డబ్బా విప్పుకున్నాడు. సాయంత్రం పైపుతో రేకుల మీద నీళ్ళు కొట్టి, కిందికి వచ్చి, చాపల మీద చుక్క పడలేదని చూపించాడు.

"ఒకపారి చూస్కోండి మేడమ్" అన్నాడు.

ఎగతాళి ఏమో అని ముఖం చూశాను. కాదు. నేను అడిగినట్టే చేశాడు. నేను పైకి చూసి, "బాగుందండి" అన్నాను.