పెరగడం మానేసిన చేపలు

ఆ జలాశయం మీద మూడువేళ్ళాయన అంటే తెలియనివారు లేరు. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం ఆయన చేతివంక చూసి, మిగతా రెండు వేళ్ళూ ఎక్కడ పోయాయా అని జాలిపడేవారు. వేళ్ళు అయిదూ భేషుగ్గా ఉన్నాయి. వల కన్నులో మూడు వేళ్ళు జతగా దూరాలి, అంతకన్నా సన్నకన్ను వల నీళ్ళలో దిగకూడదు అన్న కట్టుబాటు ఆయన పెట్టింది.

చదువు ఊరి బడిలో అయిదో తరగతే. అయితేనేం, జాలర్ల సంఘానికి ఆరుసార్లు అధ్యక్షుడు. పదిహేడు దొంగవలలు తగలబెట్టించినవాడు. మందుగుండు పేల్చి చేపల్ని చంపే ముఠాను ఒంటిచేత్తో తరిమినవాడు. "పిల్లల్ని వదలండి, పెద్దయ్యాక పట్టండి" అన్న ఆయన మాట సంఘం గోడమీద ఎర్రరంగుతో రాసి ఉండేది.

నలభై ఏళ్ళకు పైగా ఆ మాట చెల్లింది. తర్వాత వలలు ఖాళీగా రావడం మొదలైంది. నీళ్ళనిండా చేపలే, అన్నీ కన్నుల్లోంచి దర్జాగా జారిపోయేవి.

ఒకనాటి పొద్దున బావమరిది బక్కెట్టెడు చిన్నచేపలు తెచ్చి ఆయన గుమ్మంలో దించాడు.

"బావా, సాయంత్రం మీటింగులో రెండువేళ్ళ వలకి చేతులెత్తిస్తున్నా. అలగొద్దు."

"పసికూనల్ని పట్టుకొచ్చావట్రా, సిగ్గులేనోడా! ఇంకో ఏడాది ఆగితే పెద్దవవుతాయి కదా!"

"ఆ ఏడాది కోసం ఆరేళ్ళనుంచి ఆగుతున్నాం బావా."

ఆయన బక్కెట్టును వంటింట్లోకి పంపి, వీధి అరుగు మీద కూర్చుని సాయంత్రం చెప్పాల్సిన ఉపన్యాసం నెమరేసుకుంటున్నాడు. ఇంతలో కోడలు పిలిచింది.

"మావయ్యా, ఒక్కసారి ఇలా రండి."

కత్తిపీట ముందు అరచేతిలో పట్టేంత చేప కడుపు చీలి ఉంది. లోపల నిండుగా గుడ్లు.

"పిల్లకి గుడ్లేమిటమ్మా?"

"ఇది పిల్ల కాదు మావయ్యా, తల్లి."

పధ్నాలుగు చేపలు కోస్తే పదకొండింటిలో గుడ్లున్నాయి. ఆయన తానే రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఎదిగినదాన్నల్లా మనమే పట్టి తిన్నాం. పొట్టిగా ఉండి తొందరగా గుడ్లు పెట్టేవి బతికిపోయాయి. వాటి కడుపున పొట్టివి కాక ఏం పుడతాయి?" అంది కోడలు, తోకలు కోస్తూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా.

ఆయన వంటింటి తలుపు దగ్గరగా వేశాడు. "ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు."

సాయంత్రం సంఘం హాలు నిండిపోయింది. ఆయన లేచి, ఎప్పటిలాగే ఆరు పదవులూ, పదిహేడు వలలూ, మందుగుండు ముఠా అన్నీ వరసగా చెప్పాడు. జనం కాళ్ళు చాపుకుని సర్దుకున్నారు. ఆయన గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఇన్ని చేశాను. చేపని పొట్టి చేసింది కూడా నేనే. ఊరికే అవలేదు, నలభై ఏళ్ళు కష్టపడ్డాను."

ఆయన గుమ్మం వైపు సైగ చేశాడు. కోడలు గుడ్లతో ఉన్న చేపల పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది.

"రెండువేళ్ళ వల వెయ్యండి," అన్నాడాయన. " కానీ జానెడు దాటిన చేప పడితే నీళ్ళలో వదిలెయ్యాలి. పెద్దవి గుడ్లు పెడితేనే పెద్దవి పుడతాయి."

"దొరక్క దొరక్క దొరికినదాన్ని వదలడమా! పెద్దాయనకి ఎండ తగిలింది," అన్నారెవరో. అయినా పళ్ళెం చేతులు మారుతున్నకొద్దీ ఒక్కొక్క చెయ్యీ లేచింది.

బావమరిది చివర్లో ఎత్తాడు. ఎత్తి ఊరుకోలేదు.

"సరే, మరి జాన ఎవరిది? మా బావదే పెడదాం! ఆ చెయ్యి చూడండి, చేటంత! ఇకమీదట మా బావ జానే చట్టం!"

చప్పట్లు మోగాయి. ఆయన ఛాతీ పొంగింది, చెయ్యి దానంతటదే బల్లమీద విచ్చుకుంది. అప్పుడు బావమరిది మొహంలో చిన్న నవ్వు కనబడింది. జాన ఎంత పెద్దదైతే వదలాల్సిన చేపలు అంత తక్కువ. ఆయన తన చేతిని కాసేపు ముచ్చటగా చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు.

"వాడిది పెట్టండి."

"నాది చిన్నది కదా బావా!"

"అందుకే," అని ఆయన బావమరిది చెయ్యి లాగి చెక్కబద్ద మీద పరిచి, బొటనవేలి కొసన ఒకటి, చిటికెనవేలి కొసన ఒకటి, తానే గీతలు గీశాడు.